రాళ్ళకనుమ ముసుగు దొరా, నేనూ

నేను ఒక ముసుగును. చూడటానికి రెండు చిల్లులు, తల వెనక ముడి వేసుకోవడానికి రెండు తోలు తాళ్ళు, అంతే నా ఆకారం. మద్రాసులో చెప్పులు కుట్టే ఒక పెద్దాయన నల్లటి మేకతోలుతో నన్ను చేశాడు. సినిమావాళ్ళు ఆయన దగ్గరికి వచ్చి, "గుర్రమెక్కి దొంగలను చితకబాదే దొరకు ముసుగు కావాలి. ఎవరో తెలియకూడదు, కానీ మా హీరో అని అందరికీ తెలియాలి" అన్నారు. వాళ్ళు వెళ్ళాక ఆయన సూది పక్కన పెట్టి మరీ నవ్వుకున్నాడు. మనుషులు రహస్యాన్ని ఎంత ప్రేమిస్తారో, దాన్ని నలుగురికీ చెప్పడాన్ని అంతకన్నా ఎక్కువ ప్రేమిస్తారని నాకు పుట్టినరోజే తెలిసిపోయింది.

సినిమా కథేమో అమెరికా ఎడారిలో జరుగుతుంది. అక్కడిదాకా పోయే స్తోమత లేక కర్నూలు జిల్లాలో బండపేట పక్కనున్న రాళ్ళకనుమకు వచ్చారు. ఎర్రటి గుట్టలు, ముళ్ళకంపలు, నిప్పులు చెరిగే ఎండ. అమెరికా ఇంతకన్నా గొప్పగా ఉంటుందని నేను అనుకోను. హీరోగారికి గుర్రమంటే చచ్చేంత భయం. ఆయన్ని ఒక చెక్కపీట మీద కూర్చోబెట్టి, ఇద్దరు మనుషులు దాన్ని కిందనుంచి ఊపుతుంటే, మూడోవాడు దోసిళ్ళతో దుమ్ము చల్లేవాడు. కెమెరా ఆగగానే ఆయన నన్ను ఊడబీకి విసనకర్రలా వాడుకునేవారు. అలా విసురుకుంటుండగా ఒకరోజు నా తాడు తెగింది. "కొత్తది తెప్పించండి" అని నన్ను పారేశారు. భోజనాలు తెచ్చిన జట్కాలో, గడ్డి కిందికి పోయి పడ్డాను. సినిమావాళ్ళు వెళ్ళిపోయారు. నేను మిగిలిపోయాను.

ఆ జట్కా దస్తగిరిది. నలభై ఏళ్ళ బక్కపలచని మనిషి. ఎవరేమన్నా "సరేలేప్పా" తప్ప ఇంకో మాట ఎరగడు. ఆయన గుర్రం తెల్లటి ఆడగుర్రం, పేరు బిజిలీ. పేరుకే మెరుపు. బండపేటలో ఎవరెవరు ఏ వేళకు జట్కా ఎక్కుతారో దానికి కంఠతా వచ్చు. ఎవరూ చెప్పకుండానే ఆ ఇంటి ముందర ఆగిపోతుంది, ఇక ఎంత బతిమాలినా కదలదు. దస్తగిరి దాన్ని ఒక్కనాడూ కొట్టలేదు. చెర్నాకోలను గాల్లో చెళ్ళుమనిపించేవాడు, అంతే. కానీ ఆ చెర్నాకోలతో బిజిలీ చెవిమీద వాలిన ఈగను, చెవికి తగలకుండా లేపేసేవాడు. అంత నేర్పు చేతిలో పెట్టుకుని అంత అణకువగా బతికే మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

రాళ్ళకనుమలో ఓబులేసు అనేవాడి ముఠా ఉండేది. నాటు తుపాకీ చూపించి బండ్లు ఆపడం, ఎద్దులు తోలుకుపోవడం, ఆడవాళ్ళ చెవుల్లో కమ్మలు లాక్కోవడం వాళ్ళ పని. పోలీసు ఠాణా చాలా దూరం. జనం ఏడ్చి ఊరుకునేవారు. ఒకరోజు పొద్దున దస్తగిరి, కాన్పులు చేసే ఊరి నర్సు ఎస్తేరమ్మను కనుమ అవతలి ఊళ్ళో కాన్పుకు తీసుకెళ్తుంటే ఓబులేసు మనుషులు జట్కాకు అడ్డం పడ్డారు. మందుల సంచి నేలమీద గుమ్మరించి, ఆమె దండం పెట్టి అడుగుతున్నా నవ్వుకుంటూ మధ్యాహ్నం దాకా కూర్చోబెట్టారు. వీళ్ళు చేరేసరికి ఆ తల్లి పోయింది. బిడ్డను చేతుల్లో పట్టుకుని ఆమె మొగుడు జట్కా చక్రానికి ఆనుకుని నిలబడ్డాడు. తిట్టినా బాగుండేదని దస్తగిరికి అనిపించి ఉంటుంది.

ఆ సాయంత్రం బిజిలీకి గడ్డి తీస్తుంటే నేను ఆయన చేతికి తగిలాను. నన్ను తిప్పి తిప్పి చూశాడు. తెగిన తాడు కుట్టాడు. మర్నాడు పొయ్యి మసిలో ఆముదం కలిపి బిజిలీ ఒళ్ళంతా పట్టించి నల్లగుర్రాన్ని చేశాడు. చెక్కపీట మీద ఊగిన నాకు మొదటిసారి నిజం గుర్రం మీదికెక్కే యోగం పట్టింది.

అది సంతరోజు. ఎండ నడినెత్తిన ఉంది. ముఠా బండ్లను ఆపి ఎద్దుల పలుపులు విప్పుతోంది. బండరాయి వెనకనుంచి మేం దూకాం. చెర్నాకోల చెళ్ళుమంది. ఒకడి చేతిలో కర్ర ఎగిరిపోయింది. ఇంకోసారి చెళ్ళుమంటే ఓబులేసు తలపాగా ముళ్ళకంపకు వేలాడింది. వాడు తుపాకీ ఎత్తేలోపు బిజిలీ మీదిమీదికి వచ్చేసింది. ముఠా చెప్పులు వదిలేసి పరుగు. దస్తగిరి నోరు విప్పలేదు, గొంతు గుర్తుపడతారని. బండ్లవాళ్ళు చేతులెత్తి దండం పెట్టారు. నాకు ఒళ్ళు పొంగింది.

తిరిగి వస్తూ వాగులో మసి కడిగేద్దామని ఊరి వెనకదారి పట్టాం. బిజిలీ వింటేనా! అది ఎస్తేరమ్మ ఆస్పత్రికి బయలుదేరే వేళ. నేరుగా వీధిలోకి మళ్ళి ఆమె గడప ముందర ఆగిపోయింది. దస్తగిరి మోకాళ్ళతో అదిమాడు, మెడ నిమిరాడు. ఉహూఁ. ఎస్తేరమ్మ గొడుగూ సంచీ పట్టుకుని వచ్చి, అలవాటుగా జట్కా మెట్టు ఉండాల్సిన చోట కాలెత్తింది. జట్కా లేదు. ఎత్తిన కాలు దించి, తలెత్తి మావైపు చూసింది. నేను ఊపిరి బిగబట్టాను.

"ఎవరో దొర మాదిరి ఉండావు. దారి తప్పినట్టుండావే. వాగు అటుపక్కుండాది, పో నాయనా" అంది. రోజూ పెట్టినట్టే బిజిలీకి బెల్లంముక్క పెట్టింది.

గుర్తుపట్టలేదు! మద్రాసు పెద్దాయన పనితనం అంటే అదీ అని మురిసిపోయాను. వాగు సంగతి మేమెవరమూ ఆమెను అడగలేదే అన్న ఆలోచన నాకు రాలేదు. గర్వం వచ్చిన ముసుగుకు కళ్ళ చిల్లులు ఉండీ లాభం లేదు.

ఆ తర్వాత కనుమలో ఎప్పుడు గోల వినిపించినా ముసుగు దొర అక్కడ ప్రత్యక్షం. ఎద్దులు తిరిగొచ్చాయి, ఎస్తేరమ్మ కాన్పులకు వేళకు చేరింది. ఊరంతా మా మాటే. టీకొట్టు ఈరన్న దస్తగిరి చేతికి గ్లాసు ఇస్తూ, "ఆయప్ప ఏడడుగులుంటాడంట, నిజమేనా దస్తగిరీ?" అనేవాడు. ఈయన "అట్లనా" అని అమాయకంగా టీ ఊదుకునేవాడు. కటింగు షాపు సుంకన్న గడ్డం గీస్తూ గీస్తూ భుజంమీద దెబ్బ చూసి, "కొమ్మ తగిలినట్టుండాది లే" అని జవాబు కూడా తనే చెప్పుకుని పసుపు అద్దేవాడు. దస్తగిరి చొక్కాజేబులో దాక్కుని నేను ఇదంతా విని, పిచ్చి జనం, ఎదురుగా ఉన్నా కనిపెట్టలేకపోతున్నారని జాలిపడేదాన్ని.

ఒకనాడు ఓబులేసు దారికి అడ్డంగా తాడు కట్టించాడు. బిజిలీ ముందుకాళ్ళు మడిచి కూలింది. మేం ముళ్ళ వాగులోకి దొర్లి, పొదల చాటున వాళ్ళకు కనబడకుండా ఉండిపోయాం. ముఠా బిజిలీని పట్టుకుంది. ఓబులేసు దాని మెడ రుద్ది, నల్లబడిన అరచెయ్యి చూసుకుని నవ్వాడు.

"దీన్ని తోలకపోయి ఊర్లో ఇడిసిపెడదాం. గుర్రానికి అబద్ధం తెల్దు. అదే పోయి వాని ఇల్లు చూపిస్తాది. వానికి ఈ పొద్దే ఆఖరు" అన్నాడు.

దస్తగిరి అడ్డదారిన పరుగెత్తి ముందే తన కొట్టం చేరాడు. అక్కణ్ణుంచి పారిపోవచ్చు. పోలేదు. బిజిలీ వాళ్ళ చేతిలో ఉంది మరి. చెర్నాకోల తీసుకుని, నన్ను గుప్పిట్లో నలిపేస్తూ గుమ్మంలో నిలబడ్డాడు. ఆయన వేళ్ళ సందునుంచి వీధి మొత్తం నాకు కనిపిస్తోంది.

సగం మసి రాలిన బిజిలీ కుంటుకుంటూ వీధిలోకి వచ్చింది. వెనకే తుపాకీతో ఓబులేసు, కర్రలతో మనుషులు. ఈరన్న టీకొట్టు ముందర గుర్రం ఆగింది.

"ఈ గుర్రం నీదేనా?" అన్నాడు ఓబులేసు.

ఈరన్న చేతిలో గ్లాసు బల్లమీద పెట్టాడు. "నాదే సామీ. టీనీళ్ళు తెచ్చేదానికి పెట్టుకున్నా" అన్నాడు.

ఓబులేసు చెయ్యెత్తేలోపు బిజిలీ నడిచి సుంకన్న షాపు ముందర ఆగింది. సుంకన్న మంగలికత్తి పట్టుకునే బయటికొచ్చాడు. "ఈరన్న మాట నమ్మొద్దండీ, వాడు చెప్పేదంతా అబద్ధం. అది నా గుర్రం" అన్నాడు. గుర్రం మళ్ళీ కదిలి ఎస్తేరమ్మ గడప దగ్గర ఆగింది. ఆమె తాపీగా బెల్లంముక్క పెట్టి, "నాది. కాన్పులకు పోతా దీనిమీద. ఆ పొద్దు మీరు ఆపినారే, గుర్తుండాదా?" అంది.

బిజిలీ ఏ గడపనూ వదల్లేదు. ఆగిన ప్రతి గడపలోంచీ ఒకరు బయటికొచ్చి, అది మాదే అన్నారు. "ఊరంతటికీ ఒగటే గుర్రమా!" అని ఓబులేసు అరిచి వెనక్కి తిరిగాడు. వీధి నిండా జనం. రోకళ్ళు, పారలు, పలుపుతాళ్ళు, చేతికందినవి పట్టుకుని వెంట నడుస్తున్నారు. ఒక్కరికీ ముసుగు లేదు.

అప్పుడు అర్థమైంది నాకు. వీళ్ళందరికీ తెలుసు. మొదటిరోజునుంచీ తెలుసు. దస్తగిరిని ఇన్నాళ్ళూ దాచింది నేను కాదు.

బిజిలీ వచ్చి కొట్టం ముందర దస్తగిరి భుజంమీద మూతి ఆనించింది. "నువ్వేనా?" అన్నాడు ఓబులేసు తుపాకీ ఎత్తి. "నేనే" అని చెప్పేయబోయాడు దస్తగిరి.

"నువ్వు గమ్మునుండు, నీకేం తెల్దు" అంటూ ఎస్తేరమ్మ మధ్యలోకి వచ్చింది. తుపాకీ ఆమెవైపు తిరిగింది.

దస్తగిరి గుప్పిట విప్పేశాడు. నేను దుమ్ములో పడ్డాను. పడి, పైకి చూశాను. పోరాడేటప్పుడు ఆ ముఖం ఎలా ఉంటుందో నాకు అంతవరకూ తెలియదు, ఎప్పుడూ దానిమీదే ఉండేదాన్ని కదా. పెదాలు వణుకుతున్నాయి, చెమటలు కారిపోతున్నాయి. ఎంత భయం! ఇన్నాళ్ళూ ఇంత భయాన్ని నా కింద పెట్టుకుని కనుమకు వెళ్ళేవాడా ఈ మనిషి? చెర్నాకోల చెళ్ళుమంది. తుపాకీ ఎగిరి కుడితితొట్టిలో పడింది. మిగతా పని జనం చూసుకున్నారు. పలుపుతాళ్ళు వృథా పోలేదు.

తర్వాత పోలీసు అధికారి వచ్చి ముసుగు దొర ఎవరని ఊరంతా అడిగాడు. "తెల్దు సామీ, యాడనుంచో వచ్చినాడు, పోయినాడు" అని ఊరంతా ఒకే మాట చెప్పింది. ఆయన తిరిగి వెళ్ళింది దస్తగిరి జట్కాలోనే.

ఆయన్ని దింపి వస్తూ, నన్ను మళ్ళీ జేబులో పెట్టుకున్న దస్తగిరి, ఎస్తేరమ్మ గడప దగ్గర ఆగి ఆమెను నెమ్మదిగా అడిగాడు. "ఎప్పుడు తెలిసింది తల్లీ నీకు?"

"బిజిలీ మా ఇంటి ముందర నిలబడింది చూడు, అప్పుడే. ముసుగు నీకేసుకుంటివి గానీ దానికి ఎయ్యకపోతివే" అంది ఆమె.

దస్తగిరి నవ్వాడు. ఆయన గట్టిగా నవ్వగా వినడం నాకు అదే మొదలు. ఇంటికెళ్ళి నన్ను ముక్కు దగ్గర రెండుగా కోశాడు, కళ్ళ చిల్లులకు అతుకులు వేశాడు, బిజిలీ కళ్ళకు రెండు పక్కలా కట్టే గంతలుగా కుట్టేశాడు. నేనిక చూడలేను, వింటాను. బాధేమీ లేదు. వెయ్యాల్సిన ముఖానికే వేశారు చివరికి.

మర్నాడు గంతలు కట్టుకుని కూడా బిజిలీ వేళతప్పకుండా ఎస్తేరమ్మ గడప ముందర ఆగింది. గొడుగు చప్పుడు వినిపించింది. ఆమె దగ్గరగా వచ్చి నన్ను వేలితో తడిమింది.

"ఎవరో దొరసాని మాదిరి ఉండావు. దారి తప్పినట్టుండావే" అంది. తర్వాత బిజిలీ బెల్లం నములుతున్న చప్పుడు.