స్తంభం పక్కన మనిషి

విశ్వవిద్యాలయంలో శనివారం సాయంత్రాలు మామగారు పాత కట్టడాల చరిత్ర మీద ఉపన్యాసం ఇచ్చేవారు. ఎవరైనా రావచ్చు. వచ్చేవాళ్లలో సగంమంది పింఛనుదార్లు. కొందరికి శిల్పాల మీద ప్రేమ, మిగతావాళ్లకి ఏసీ మీద ప్రేమ. రెండేళ్ల తర్వాత ఆయన మళ్లీ వేదిక ఎక్కుతున్నారని తెలిసి, కోడలు కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చి ముందు వరసలో కూర్చుంది.

ఆమెకు కట్టడాలతో పనిలేదు. మొగుడి కోసం వచ్చింది.

ఫొటోలో పక్కన మనిషి లేకపోతే కట్టడం ఎత్తు తెలియదని మామగారి పట్టుదల. ఆ మనిషి ఎప్పుడూ ఆయన కొడుకే. చిన్నప్పటినుంచీ ఎండనక వాననక స్తంభాల పక్కన, ద్వారాల కింద నిలబడ్డాడు. "మా నాన్నకి నేను కొడుకుని కాదే, కొలబద్దని" అని పెళ్లయిన కొత్తలో భార్యను నవ్వించేవాడు. అలాంటివాణ్ణి రెండేళ్ల కిందట లారీ పొట్టన పెట్టుకుంది. అప్పటికి కూతురికి నడకైనా రాలేదు. ఇంట్లో ఉన్నవన్నీ ముఖం వరకే తీసిన ఫొటోలు, పెళ్లివేమో పీటలమీద కూర్చున్నవి. ఇప్పుడా పిల్ల "నాన్న ఎంత పొడుగు?" అని ప్రాణం తోడేస్తోంది. తెరమీద నిలువునా చూపిద్దామని తల్లి ఆశ.

దీపాలు ఆర్పారు. తెరమీద స్తంభం ఒక్కటే కనబడింది. తర్వాత ద్వారం. అక్కడా ఎవరూ లేరు.

"నాన్నేడీ?"

"ఉండమ్మా, వస్తాడు."

మూడో బొమ్మలో ఒక మండపం. ఆ ఫొటో ఆమె ఇదివరకు మామగారి దగ్గర చూసిందే. ఎడమ పక్క అతను చేతులు కట్టుకుని నిలబడేవాడు. ఇప్పుడు బొమ్మ అంచు ఆ చోటుకి ముందే తెగిపోయింది.

వెనకనుంచి ఒక పెద్దాయన, "దాని ఎత్తెంతండీ? అంతుచిక్కడం లేదు" అన్నాడు. మామగారు విననట్టే తర్వాతి బొమ్మకు వెళ్లిపోయారు.

జనం కదిలాక ఆమె వేదిక దగ్గరికి వెళ్లింది. "మామయ్యగారూ, ఆయనేరీ?"

ఆయన తల ఎత్తలేదు. "కత్తిరించేశానమ్మా. వాడు కనబడుతుంటే నోరు పెగల్లేదు."

"అసలు ఫొటోలు ఉన్నాయిగా?"

"వాటిమీదే సేవ్ చేసేశాను. పాతవి పోయాయి. అన్నీ."

"రాళ్లని ఉంచుకుని మనిషిని తీసేశారా!" ఆమె గొంతు హాలంతా వినబడింది. ఆయన్ని ఆ క్షణంలో ఆమె మనసారా అసహ్యించుకుంది. కుర్చీలు సర్దుతున్నవాళ్లు ఆగిపోయారు.

పిల్ల ఆయన పంచె పట్టుకుని లాగింది. "తాతయ్యా, నాన్న ఎంత పొడుగు?"

ఆయన తన తలమీదుగా చెయ్యెత్తి గాల్లో నిలిపారు. "ఇంత" అన్నారు. చెయ్యి కాస్త దించారు. "కాదు, ఇంత." మళ్లీ ఎత్తారు. ఆ చెయ్యి ఎక్కడా నిలవడం లేదు.

"నువ్వు చెప్పమ్మా" అన్నారు చివరికి, కోడలివైపు తిరిగి.

ఆమె కూడా చెయ్యి ఎత్తింది. ఎక్కడ ఆపాలో ఆమెకూ తెలియలేదు.