ఎదురెక్కిన చేపలు

పెదపాడులో మార్తమ్మ నడుస్తుంటే చూసేవాళ్ళకు ఆయాసం వస్తుంది. చర్చిలో పాట ఎత్తుకుంటే అందరికంటే ముందు ఆమే ముగిస్తుంది. నెమ్మదిగా అనే మాట చెప్పీ చెప్పీ ఆమె భర్త శామ్యూల్ ఎప్పుడో నోరు కట్టేసుకున్నాడు. ఒక్క బొంతల దగ్గర మాత్రం ఆ తొందరే ఆమెకు పేరు తెచ్చింది. పాత చీరలు పొరలుగా పరిచి చేత్తో కుట్టుకుంటూ పోతే వారం తిరక్కుండా పసిబిడ్డకు మెత్తటి బొంత తయారు. మూలకొకటిగా నాలుగు చేపలు, ఒకదాని వెనక ఒకటి కుడివైపుగా తిరుగుతుంటాయి. అవి కనిపిస్తే చాలు, మార్తమ్మ బొంత అని ఊళ్ళో ఎవరైనా చెప్పేస్తారు.

ఆ ఇంట్లో ఒక పద్ధతుంది. ఆడపిల్ల తొలిబిడ్డను మొదటిసారి చర్చికి తీసుకెళ్ళేటప్పుడు అమ్మమ్మ కుట్టిన బొంతలో చుట్టి, అమ్మమ్మే ఎత్తుకుని వెళ్ళాలి. కూతురు క్రిస్టినాకు ఇప్పుడు ఆడపిల్ల పుట్టింది. వచ్చే ఆదివారం బిడ్డను చర్చికి తీసుకెళ్ళాలి, ప్రార్థన అవగానే తల్లీబిడ్డా తాడేపల్లిగూడెంలో అత్తారింటికి వెళ్ళిపోతారు. చూడబోతే మార్తమ్మ చేతిలో సూది నిలవడం లేదు. చికెన్‌గున్యా వచ్చి పోయింది గానీ వేళ్ళ కీళ్ళను వదల్లేదు. నాలుగు పొరల్లోంచి సూది లాగబోతే కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి.

ఆ సంగతి ఎలా తెలిసిందో, గూడెం నుంచి వియ్యపురాలు సుగుణమ్మ ఫోన్ చేసింది. “మీరేం శ్రమ పడకండి వదినగారూ. మేం మంచి బొచ్చు దుప్పటి కొన్నామండీ.”

ఎంత మర్యాదగా అన్నా ఆ మాట మార్తమ్మకు చురుక్కున తగిలింది. ఆ పూట అన్నం సహించలేదు.

కోడలు దీవెన ఇంట్లోనే కరెంటు మిషను మీద సంచులు కుడుతుంది. ఎంత నిదానమంటే, అత్తా కోడలూ కలిసి బజారుకు వెళ్తే అత్త తిరిగొచ్చేటప్పుడు కోడలు ఎదురవుతుంది. ఆ పిల్లే తన మిషనుకు ఒక చిన్న పరికరం బిగించి అత్తగారిని పిలిచింది.

“దీన్ని స్టిచ్ రెగ్యులేటర్ అంటారత్తయ్యా. మిషను పళ్ళు కిందికి దించేశాను, ఇంక అది బట్టని లాగదండీ. మీరే చేతులతో ఎటు కావాలంటే అటు జరపండి. ఇదిగో, ఈ కన్ను బట్ట కదలడం చూస్తుంటుంది. మీరు తొందరగా జరిపితే సూది తొందరగా పడుతుంది, ఆగితే ఆగిపోతుంది. కుట్లన్నీ ఒకే పొడుగు వస్తాయండీ.”

“మరి నేను కుట్టిందేముందే ఇందులో? మిషను కుట్టిందంటారు.”

“చేపలు మిషనుకేం తెలుసండీ? అవి మీరే గీయాలి.”

మార్తమ్మ పాత గుడ్డముక్క పెట్టి కూర్చుంది. కాలితో పని లేకపోయినా, ఎన్నో ఏళ్ళు కాలి మిషను తొక్కిన పాదం ఊరుకోక బల్ల కింద ఊగుతూనే ఉంది. చెయ్యి ఎప్పటిలాగే దౌడు తీసింది. మిషను కుయ్యిమంది.

“ఏమైందే?”

“మరీ స్పీడుగా జరిపితే అలా అరుస్తుందత్తయ్యా.”

వరండాలో పేపరు చదువుతున్న శామ్యూల్ తల పైకెత్తాడు. తను ఇన్నేళ్ళూ చెప్పలేకపోయిన మాట ఒక యంత్రం చెప్పేసరికి ఆయన ఆనందానికి హద్దు లేకపోయింది. ఆ వారమంతా మార్తమ్మ గబగబా వంటింట్లోకి పోయినా, గబగబా మాట్లాడినా ఆయన “కుయ్” అనేవాడు. దీవెనకూ అలవాటైంది. మార్తమ్మ ఇద్దర్నీ తిడుతూనే చేతిని అదుపులోకి తెచ్చుకుంది. వేళ్ళు నొప్పెట్టకుండా కొల్లేటి అలల్లాంటి గీతలు బట్ట మీద సాగుతుంటే లోలోపల మురిసిపోయింది.

శనివారం అసలు బొంత పరిచింది. పైన తన పెళ్ళినాటి తెల్లచీర, నిండా వెండి జరీ బుటాలు. మధ్యలో రెండు పాత చీరలు. అడుగున శామ్యూల్‌కు ఎంతో ఇష్టమైన నీలం గళ్ళ లుంగీ. అది కనిపించడం లేదని ఆయన పొద్దుటి నుంచీ వెతుకుతున్నాడు.

బుటా దగ్గరకు రాగానే సూది ఆగిపోయింది. కొంచెం జరిపితే ఒక్కసారి ఎగిరి వేలెడంత కుట్టు వేసింది. విప్పి మళ్ళీ కుడితే మళ్ళీ అదే వరస. దీవెన దారం మార్చింది, సూది మార్చింది. మధ్యాహ్నమైంది. మార్తమ్మకు ఏడుపొక్కటే తక్కువ.

“వద్దులేవే. ఆ బొచ్చు దుప్పటే కప్పనీ” అంది.

కిటికీలోంచి ఎండ చీర మీద పడి జరీ భగ్గున మెరిసింది. పోయినేడు కంటి ఆపరేషనైన దగ్గర్నుంచి ఆ మెరుపు ఆమెకు పడదు. నల్ల కళ్ళజోడు తెచ్చి పెట్టుకుంది. పెట్టుకున్నదల్లా ఆ పరికరం కన్నుకేసి వంగి చూసింది.

“అమ్మాయ్! దీని బాధా నా బాధేనే. జరీ మెరుపుకి దీనికేం కనబడటం లేదు.”

“అయితే ఎలాగండీ? దీనికి కళ్ళజోడు పెట్టలేంగా?”

“తిరగెయ్!”

బొంత తిరగేశారు. మెరుపు లేని మెత్తటి లుంగీ పైకొచ్చింది. సూది బుద్ధిగా టకటకమంటూ కదిలింది. శామ్యూల్ వచ్చి తన లుంగీని గుర్తుపట్టి నోరు తెరిచేసరికి మార్తమ్మే “కుయ్” అంది. దీపాలు పెట్టే వేళకు అలలు, చేపలు అన్నీ అయిపోయాయి. చూసుకునే ఓపిక కూడా లేక మడతపెట్టి పడుకుంది.

ఆదివారం పొద్దున్నే సుగుణమ్మ బొచ్చు దుప్పటితో దిగింది. బొంతను మంచం మీద పరిచి, కుట్టు మీద వేలితో రాసి చూసింది.

“ఇంత సమంగా ఉందేంటండీ! షాపులో కుట్టించారా వదినగారూ?”

మార్తమ్మ ఏ మాటకు భయపడిందో ఆ మాటే వచ్చింది.

“అయినా ఈ చేపలేంటండీ, ఇటు తిరిగాయి? క్రిస్టినా మా ఇంటికి తెచ్చుకున్న బొంత మీద కుడివైపుకి కదా తిరుగుతాయి” అంది మళ్ళీ సుగుణమ్మ.

అప్పుడు చూసుకుంది మార్తమ్మ. వెనకవైపు నుంచి ఎప్పటిలాగే గీసుకుపోయింది కదా, ముందువైపు నాలుగు చేపలూ ఎడమకు తిరిగి ఉన్నాయి. తల్లి ముఖంలోకి చూసింది క్రిస్టినా. శామ్యూల్‌కు కూడా కుయ్ అనాలనిపించలేదు.

మార్తమ్మ బిడ్డ బుగ్గ నిమిరింది. “మీరు కొల్లేటి లంకలో పుట్టినవారే కదండీ. తొలి వానకి కొత్త నీరు దిగితే చేప ఎటు పోతుందండీ?”

సుగుణమ్మ ఒక్క క్షణం ఆలోచించి పకపకా నవ్వేసింది. “నీటికి ఎదురెక్కుతుందండీ! మా నాన్న నన్ను గట్టు మీద కూర్చోబెట్టి చూపించేవాడు.” ఆమె బొచ్చు దుప్పటిని మళ్ళీ కవర్లో పెట్టేసింది. “షాపువాళ్ళకి ఈ సంగతేం తెలుస్తుంది లెండి. ఇది మీ చెయ్యే. దీంట్లోనే చుట్టండి బిడ్డని.”

మార్తమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

చర్చి గేటు దగ్గర మార్తమ్మ మనవరాలిని ఎత్తుకుంది. వెనక నడుస్తున్న దీవెన, అత్తగారు పరుగందుకుంటే కుయ్ అందామని పెదవులు సిద్ధం చేసుకుంది. లోపల మొదటి పాట అయింది, రెండోది ఎత్తుకున్నారు. మార్తమ్మ ఇంకా మెట్ల దగ్గరే ఉంది, అడుగు తీసి అడుగు వేస్తూ, బొంతలో నిద్రపోతున్న ముఖం మీంచి చూపు తిప్పకుండా.