షోకేసులో కాపురం

జగన్నాధం షోకేసులోకి తల దూర్చి, కళ్ళు మూసుకుని గట్టిగా గాలి పీల్చాడు. ముందు కుడి మూల, తర్వాత ఎడమ మూల, ఆఖరికి అడుగు. వారం రోజులుగా పొద్దున్నే ఇదే పని. ఎవరైనా చూస్తే ముసలాడికి మతి పోయిందనుకుంటారు.

"ఎలా ఉంది?" వెనక నిలబడి అడిగారు లక్ష్మీకామేశ్వరి టీచరు.

"ఆ ఎనక మూల ఇంకా పులుపు కొడతన్నాదమ్మా."

కప్పల కాపురానికని అరలు తీసేసిన ఆ పాత షోకేసు అద్దాల అతుకుల్లో కొత్తగా పోసిన సిలికాన్ జిగురు ఆరేదాకా పులిసిన వాసన వేస్తుంది. మనకది ముక్కు మూసుకుంటే సరిపోయే సంగతి. కప్పకలా కాదు. దానికి ఒళ్ళంతా ముక్కే, ఆ ఘాటుకి తోలు మండిపోతుంది. టీచరుగారికేమో కరోనా వచ్చిపోయాక కాఫీకీ కషాయానికీ తేడా తెలియడం లేదు. అందుకని విజయనగరంలో ఆ ఇంటి కప్పల బతుకు జగన్నాధం ముక్కు మీద ఆధారపడింది.

టీచరుగారు ముప్పై ఏళ్ళు వీణ పాఠాలు చెప్పారు. రిటైరయ్యాక అందరూ కాశీకో తిరుపతికో వెళ్తారనుకుంటే, ఆవిడ విశాఖపట్నం వెళ్ళి రెండు చెట్టుకప్పల్ని కొనుక్కొచ్చారు. లేతాకు రంగులో, వేళ్ళ చివర గుండ్రటి బొడిపెలతో, ముద్దుగానే ఉంటాయి. బొంగురు గొంతుదానికి మంద్రమనీ, సన్నగొంతున్న చిన్నదానికి తారమనీ పేర్లు పెట్టారు. చుట్టాలు ఫోన్లు చేసి మరీ నవ్వారు. నవ్వితే నవ్వారు, ఆవిడ లెక్కచేసే మనిషి కాదు.

వచ్చిన చిక్కల్లా తారంతోనే. నెలన్నరగా చిల్లులు పొడిచిన ప్లాస్టిక్ డబ్బాలో ఉండి ఉండి, పది రోజుల నుంచి తిండి మానేసింది. ఒంటి ఆకుపచ్చ మడ్డి రంగులోకి తిరిగింది. నడుం ఎముకలు పైకి తేలాయి. ఇల్లు మార్చి చూడండి, అంతకంటే చేసేదేమీ లేదన్నాడు పశువుల డాక్టరు.

"ఇవాళ పెట్టేద్దాం జగన్నాధం. రేపటిదాకా ఉండేలా లేదు."

"వద్దమ్మా. ఈ వాసనలో ఎడితే రేపటిదాకా అక్కర్లేదు, గంటలో పోద్ది."

వారం నుంచీ దాచుకున్న మాట అప్పటికి బయటికొచ్చింది.

"తప్పు నాదేనమ్మా. నీరు కారతాదేమోనని భయమేసి, ఒక్క పూతకి మూడు పూతలేసినాను. పైకి ఆరింది గాని లోపల పచ్చిగుండిపోనాది."

టీచరుగారికి ఒళ్ళు మండింది. పాఠం తప్పిన పిల్లల్ని చూసినట్టు ఒక చూపు చూశారు. తర్వాత మంచినీళ్ళ గ్లాసు తెచ్చి చేతికిచ్చి, "ఇప్పుడేం చేయాలో చెప్పు," అన్నారు.

జగన్నాధం షోకేసు ముందు బాసింపట్టు వేసుకుని, పాత బ్లేడుతో ఆ మూల మందంగా పేరుకున్న సిలికాన్‌ని కొద్దికొద్దిగా చెక్కాడు. ఈ షోకేసు ఇరవై ఎనిమిదేళ్ళ కిందట తను చేసిందే. అప్పట్లో కొత్తగా ఇల్లు కట్టినవాళ్ళంతా అతని కోసం కబురు పెట్టేవారు. ఇంతింత టేకు చట్రం, మూడు అరలు, జరిగే తలుపులు. లోపల ప్లాస్టిక్ చిలకలూ, గెలిచిన కప్పులూ, తాజ్‌మహల్ బొమ్మా. ఆ రోజులు పోయాయి. ఇప్పుడు పగిలిన కిటికీలూ, బాత్రూం అద్దాలూ, పోయినవాళ్ళ ఫొటోలకు ఫ్రేములూ. ఎవరైనా పోయారంటే సాయంత్రానికి అతని దగ్గరికి ఫొటో వచ్చేస్తుంది. నలభై ఏళ్ళలో అతను చేసిన అద్దాల పెట్టెల్లో ప్రాణమున్నదేదీ కాపురం చేయలేదు. ఆ ముచ్చట ఈసారైనా తీరాలని అతనికి చచ్చేంత ఆశగా ఉంది. పైకి మాత్రం "కప్పలకి షోకేసేటమ్మా, మా నూతి గట్టు నిండా అయ్యే" అంటూ వచ్చాడు.

చెక్కడం అయ్యాక టేబుల్ ఫ్యాను పెట్టి పక్కనే కూర్చున్నాడు. ఖాళీగా కూర్చోవడం అతనికి చేతకాదు. శృంగవరపుకోట నర్సరీ నుంచి తెప్పించిన మొక్కల్ని పురుగుమందు వాసన పోయేదాకా మళ్ళీ కడిగాడు. పెంకు ముక్కలు కడిగాడు. ఇంకేమీ దొరక్క టీచరుగారి కిటికీ గడియ బాగుచేశాడు. గంటకోసారి లేచి తల దూర్చి వాసన చూశాడు. డబ్బాలో తారం కళ్ళు సగం మూసుకుని అలాగే ఉంది. టీచరుగారు అన్నం ముందు కూర్చుని, కెలికి, లేచిపోయారు.

నాలుగు దాటాక ఒకసారి తల దూర్చినవాడు చాలాసేపు బయటికి తీయలేదు.

"ఏమైంది?" గాభరాగా అడిగారు టీచరుగారు.

"ఏటీ లేదమ్మా! నిజంగా ఏటీ లేదు!"

ఇంక ఇద్దరికీ కాలు నిలవలేదు. అడుగున పెంకు ముక్కలు పరిచారు, నీళ్ళు దిగి కింద నిలవడానికి. వాటిమీద దోమతెర గుడ్డ, బొగ్గు, తడిపిన కొబ్బరిపొట్టు, ఆపైన నాచు. వంకర జామకొమ్మ ఒకటి ఏటవాలుగా నిలబెట్టి, దాని మొదట్లో మనీప్లాంటు నాటారు. క్లోరిన్ పోవాలని ముందురోజే పట్టి ఉంచిన నీళ్ళు టీచరుగారు తుంపరలుగా కొట్టారు. అద్దానికి లోపల ఆవిరి పట్టింది.

మంద్రం వెళ్ళీ వెళ్ళగానే ఆకుల చాటున చతికిలబడింది. తారాన్ని తడిచేత్తో కొమ్మ మీద పెడితే కదల్లేదు. వీధి దీపాలు వెలిగే వేళకి ఒక కాలు ముందుకు వేసింది. తర్వాత రెండోది. మెల్లగా పైకెక్కి, ఆకు మీద కూర్చుని కళ్ళు పూర్తిగా తెరిచింది. టీచరుగారు కీచురాయిని వదిలారు. అది నాచులోకి దూరిపోయింది. రెండోదీ అంతే. మూడోదాన్ని తారం గుటుక్కున మింగింది.

"తినీసింది!" అని జగన్నాధం చంటిపిల్లాడిలా చప్పట్లు కొట్టాడు. టీచరుగారు కళ్ళు తుడుచుకున్నారు.

వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగాడు. "ఆ పురుగులు నాచులో దూరిపోతన్నాయి గదా. అరసెయ్యంత అద్దం పలక కోసి తెస్తాను. దానిమీద ఎడితే సిన్నోడికి అందుతాయి."

ఇంటికెళ్ళి భార్య తవిటమ్మతో రెండుసార్లు చెప్పాడు: "నాను సేసిన పెట్లో పేణం ఉన్నాదే!" ఆ పూట చారన్నం మారు వడ్డించుకున్నాడు.

మర్నాడు మధ్యాహ్నం భోంచేసి, చాప మీద నడుం వాల్చాడు. టీకి లేపబోతే లేవలేదు.

కబురు తెలిసిన రోజు వెళ్ళొచ్చిన టీచరుగారు మూడోనాడు మళ్ళీ వెళ్ళారు. "చిన్నది రోజూ తింటోంది తవిటమ్మా," అన్నారు. తవిటమ్మ తలూపింది. లోపలికెళ్ళి, పాతగుడ్డలో చుట్టిన అద్దం పలక తెచ్చి చేతిలో పెట్టింది.

"మీ కప్పలకంట. అంచు కోసుకుంటే దాని పొట్ట సిరిగిపోద్దని, ఆ దినం పొద్దుట్నుంచి సానరాయి మీద అరగదీస్తా కూకున్నాడు. కూడు తినీసి మిగిలింది సూస్తానన్నాడు."

టీచరుగారు గుడ్డ విప్పి, పలక చుట్టూ బొటనవేలితో తడిమి చూశారు. మూడు అంచులు నున్నగా తగిలాయి. నాలుగోది ఇంకా పదునుగానే ఉంది.