జరుగుతున్న గుంజలు

చిల్లకల్లు దగ్గర హైవేకి ఇవతల జయమణికి ఎకరన్నర బీడు ఉంది. నాన్న ఇచ్చింది. తను నందిగామలో టీచరు కాబట్టి సాగు కుదరక, పక్క పొలం వెంకటరత్నం గేదెల్ని మేపుకుంటానంటే సరేనంది. రెండేళ్ళుగా ఆయన నాలుగు గేదెల్ని తుమ్మచెట్టు కింద గుంజలకి కట్టేసి, అక్కడే మేత వేసేవాడు.

ఆ వేసవిలో ఒక ఆదివారం చర్చి అయ్యాక వెళ్ళి చూస్తే గుంజలు చెట్టు కింద లేవు. ఉత్తరపు గట్టు వెంట కొత్తగా పాతి ఉన్నాయి. మరుసటి వారానికి ఇంకాస్త లోపలికి జరిగాయి. చుట్టూ చొప్ప, పేడ. రోడ్డు పక్క స్థలాలు ఎలా కబ్జా అవుతున్నాయో జయమణి వింటూనే ఉంది. ఫోన్లో ఫొటోలు తీసుకుంది.

"గుంజలెందుకు మారుస్తున్నారండీ?" అని అడిగింది.

"మేత కోసమేనండి," అన్నాడు ఆయన, చొప్ప దులుపుతూ.

ఆ మాత్రం జవాబు ఆమె అనుమానాన్ని పెంచింది. సర్వేయర్‌ని పిలిపించి కొలిపించింది. గట్టు జానెడు కూడా కదల్లేదు. అయినా మనసు ఒప్పుకోలేదు. ఇప్పుడు కాకపోతే రేపు గట్టు జరుపుతాడేమోననుకుని, ఇక గేదెల్ని తేవద్దని కబురు పంపింది. వెంకటరత్నం ఆ రోజే గుంజలు పీక్కుపోయాడు.

వానలు పడ్డాక వెళ్ళిన జయమణి గట్టు మీదే ఆగిపోయింది. తుమ్మచెట్టు కింద నేల సిమెంటు చేసినట్టుంది. నీళ్ళు ఇంకక నిలిచిపోయాయి, గడ్డిపోచ లేదు. గుంజలు జరిగిన చోటల్లా మాత్రం మోకాలెత్తు పచ్చిక. పుల్లతో గీరితే మట్టి మెత్తగా విడిపోయింది, వానపాములు కనిపించాయి. మిగతా బీడు ఎప్పటిలాగే పలచగా ఉంది.

అటునుంచటే ఆయన ఇంటికెళ్ళింది.

"రెండేళ్ళు ఒక్క చోటే మేతేసి, గేదెలతో తొక్కించి మీ నేల పాడుచేశానండి," అన్నాడు వెంకటరత్నం. "పేడంతా అక్కడే పడింది, మిగతా నేలకి ఏమీ అందలేదు. అందుకే వారానికో చోటికి జరుపుకుంటూ వచ్చా. మిగిలిన చొప్ప, పేడ ఆ మట్టిలోనే కలుస్తాయి కదా."

"అప్పుడే చెప్పొచ్చుగా?"

"మీరు అడిగిన తీరు చూస్తే, ఏం చెప్పినా నమ్మరనిపించింది."

మళ్ళీ గేదెల్ని తోలమని జయమణి బతిమాలినట్టే అడిగింది. ఆయన, మేత తప్ప ఆ నేల మీద తనకు ఏ హక్కూ లేదని కాగితం రాయమన్నాడు, సంతకం పెడతానన్నాడు.

కాగితం వద్దనాల్సిన మాట జయమణి నోటికి వెంటనే రాలేదు. వచ్చేలోపే ఆయన పెన్ను కోసం లోపలికి వెళ్ళాడు. ఆమె తలెత్తలేకపోయింది.