అయిపోయింది, లేవండి

"ఊపిరి బిగపట్టండి... వదలండి."

ఆ ఉదయం అది పదోసారి. సీటీ టెక్నీషియన్ ఇరవై రెండేళ్లుగా అద్దం వెనక మైకు ముందు కూర్చుని అనే మాట అదే. తర్వాత లోపలికి వెళ్లి, బల్ల కిందికి దించి, "అయిపోయింది, లేవండి" అంటాడు. ఇంకేమీ మాట్లాడడు.

స్కాన్‌కు ముందు ఎన్ని ప్రశ్నలైనా వేయొచ్చు. తీశాక వేస్తే, లోపల ఏదో కనిపించిందని రోగి పట్టేస్తాడు. చెప్పాల్సింది డాక్టరు. కొత్తలో ఒకసారి స్కాన్ తీశాక ఒక పెద్దాయన్ని "దగ్గు ఎన్నాళ్ల నుంచి?" అని అడిగాడు. ఆ పెద్దాయన చెప్పులు వేసుకోవడం మరిచి బయటికి నడిచాడు. ఆ రోజు టెక్నీషియన్ ఇంటికెళ్లి ఆ సంగతి తన అక్కకు చెప్పాడు.

వచ్చే నెల కొత్త మెషీన్ వస్తోంది. మచ్చ కనిపిస్తే చుట్టూ గీత అదే గీస్తుంది. ఊపిరి బిగపట్టమనీ అదే చెబుతుంది.

"ఇక నీ గొంతు కూడా రిటైరేనా అన్నా?" అంది నర్సు.

"దానికి టీ అక్కర్లేదు, సెలవు అక్కర్లేదు. మీకే హాయి."

పదకొండో పేరు అక్కది. తల్లి పోయాక అతన్ని పెంచింది ఆమే. రెండు నెలలుగా దగ్గుతోంది. గొలుసు, పైట పిన్నీసు తీసి స్టీలు ట్రేలో వేసింది.

"నామీదా నీ పెత్తనం? నీ ముక్కు తుడిచిన చెయ్యిరా ఇది."

"కదలకు అక్కా. కదిలితే మళ్లీ తీయాలి."

బిగపట్టమన్నాడు. బిగపట్టింది. తెర మీద కుడి ఊపిరితిత్తిలో నిమ్మకాయంత మచ్చ. కాలేయంలో మరో మూడు. బొమ్మలు డాక్టరుకు పంపి, లోపలికి వెళ్లి బల్ల దించాడు.

"అయిపోయింది, లే."

ఆమె లేచి కూర్చుంది. అతను చెప్పులు తెచ్చి కాళ్ల దగ్గర పెట్టాడు.

"అన్నం సరిగ్గా తింటున్నావా అక్కా?"

గొలుసు కొక్కెం పెడుతున్న ఆమె చేయి ఆగింది.

"అడిగేశావు," అంది.

అతను బల్ల మీద దుప్పటి మార్చడం మొదలుపెట్టాడు.

"పోనీలే. మీ బావకి నువ్వు చెప్పకు. నేను చెప్తా."

చెప్పులు తొడుక్కుని, పైట చేత్తో పట్టుకుని వెళ్లింది. అతను పన్నెండో పేరు పిలిచాడు.

ఆమె ఏడు వారాలు బతికింది. సెలవు అయ్యాక అతను పనిలోకి వచ్చేసరికి కొత్త మెషీన్ బిగించి ఉంది. ఊపిరి బిగపట్టమని ఎవరిదో ఆడగొంతు చెబుతోంది. రోగులను పడుకోబెట్టడం, లేపడం అతని పని.

ట్రే మాత్రం పాతదే. గొలుసులు, గడియారాలు అందులో పడుతున్నాయి, ఎవరివి వాళ్లు తీసుకుపోతున్నారు. ట్రే మూలన పైట పిన్నీసు ఒకటి, ముల్లు తెరిచే ఉంది.