నాలుగో సర్వర్లో తప్పిన అంకె

ఉదయం పదకొండింటికి అంబులెన్స్ కేంద్రంలో ఫోన్లు మూగబోయాయి. అక్కడ ఆపరేటరుగా చేసే అక్క పై అంతస్తులోని సర్వర్ల గదికి, అక్కడ పనిచేసే చెల్లెలి దగ్గరకు పరుగెత్తుకొచ్చింది.

"ఒక్క ఫోన్ కాల్ కూడా రావట్లేదే!"

"అన్నీ ఆపేసి మళ్ళీ ఆన్ చెయ్యమ్మా," అన్నాడు అక్కడే ఉన్న మేనేజరు చెల్లెలితో.

"వద్దు సార్, ముందు చూడనివ్వండి," అంది చెల్లెలు. కమాండ్ కొట్టి, నాలుగు సర్వర్ల వర్చువల్ నెట్‌వర్క్ సెట్టింగులు తెరమీదకు తెచ్చింది. అన్నిట్లో ఒకటే ఉండాల్సిన నెట్‌వర్క్ నంబరు మూడింట్లో 120. నాలుగోదాంట్లో మాత్రం 102. ఫోన్ల వ్యవస్థ కాసేపటి కిందటే ఆ నాలుగోదానికి మారింది.

నిన్న ఆ అంకె కొట్టింది తనే. వెంటనే సరిదిద్దింది. కింద ఫోన్లన్నీ ఒక్కసారిగా మోగాయి. అక్క మెట్లు దిగి పరుగెత్తింది.

"ఎవరి నిర్వాకం ఇది?" అడిగాడు మేనేజరు.

చెల్లెలు అతని వైపు తిరిగింది. "నాదే సార్. మనకు అందని కాల్స్ లిస్టు ఫోన్ కంపెనీ నుంచి తీస్తున్నాను. అందరికీ మనమే ఫోన్ చేద్దాం."

మేనేజరు కుర్చీ లాక్కుని కూర్చుని ఫోన్ అందుకున్నాడు. "మొదటి నంబరు చెప్పు."