మేస్త్రి గ్లాసు

మిర్చి ఘాటుకు దగ్గుతూనే శోభారాణి ఇంకో గుప్పెడు కాయలు ఒళ్లోకి లాక్కుంది. ఎనుమాముల మార్కెట్ పక్కనున్న ఆ గోదాములో పొద్దున కూర్చున్న ఆడవాళ్లు చీకటి పడేదాకా లేవరు. తొడిమలు తీస్తే కిలోకు పది రూపాయలు. లేచి నడిస్తే కూలి ఎవరిస్తారు? అన్నం వేళ కూడా ఎవరూ కదలకుండా ఉండేందుకు మేస్త్రి సారంగపాణి అందరికీ చాయ్, తీపి బిస్కెట్లు కూర్చున్న చోటికే పంపుతాడు.

సారంగపాణి శోభారాణికి సొంత అన్న. చెల్లెలి గ్లాసులో చక్కెర ఒక చెంచా ఎక్కువే వేయిస్తాడు. అడుగున కరగకుండా మిగిలిన ఆ తీపిని బిస్కెట్ ముక్కతో ఊడ్చి తినడం ఆమెకు రోజూ ఒక చిన్న పండుగ.

ఆ రోజు బస్తీ దవాఖాన నుంచి నర్సు ప్రీతి బీపీ చూడడానికి వచ్చింది. శోభారాణి ఏండ్లుగా బీపీ గోలీలు మింగుతోంది. ప్రీతి ఆమె నడుము చుట్టూ టేపు పెట్టి కొలిచి, పెదవి విరిచింది.

"బీపీ ఉన్నోళ్లకు షుగర్ వచ్చే భయం ఎక్కువక్కా. కూసొనే పని, పెరిగిన పొట్ట, పైకెల్లి గీ తీపి చాయ్. మీ ఇంట్ల ఎవరికన్నా షుగర్ ఉన్నదా?"

శోభారాణి నోరు తెరవకముందే సారంగపాణి అందుకున్నాడు. "మా వంశంలనే లేదు సిస్టరు."

అన్న మాటకు శోభారాణి తలూపింది. షుగర్ పరీక్ష పట్టీలు కొన్నే మిగిలాయని, ఇంట్లో ఎవరికైనా షుగర్ ఉన్నవాళ్లకే ముందు చూస్తానని, మిగతావాళ్లు దవాఖానకు రావాలని ప్రీతి చెప్పింది. దవాఖానకు పోతే ఆ రోజు కూలి పోతుంది. అందుకే ఏ ఆడమనిషీ పోదు.

ఇంతలో చాయ్ అమ్మే హన్నా గ్లాసుల పళ్లెం తెచ్చింది. శోభారాణి చేతికందిన గ్లాసు తీసుకుని ఒక గుటక వేసి ముఖం చిట్లించింది.

"అయ్యో, అది మేస్త్రిది," అంది హన్నా. "ఆయనెప్పుడూ చక్కెరెయ్యని సప్పటిదే తాగుతడు గద. షుగర్ గోలీలేసుకునే మనిషాయె. నీకు తెల్వదా?"

శోభారాణి గ్లాసును తిరిగి పళ్లెంలో పెట్టేసింది. అమ్మ కాలు గుర్తొచ్చింది. మేకు గుచ్చుకుందన్నారు. బొటనవేలు నల్లబడింది, మోకాలి దాకా తీసేశారు, అయినా బతకలేదు. దవాఖానలో డాక్టర్లతో మాట్లాడినదంతా అన్నే.

లేచి అతని దగ్గరికి వెళ్లింది.

"అమ్మది గూడ షుగరేనా అన్నా?"

సారంగపాణి చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. షుగర్ ఉన్నోళ్లను గోదాము సేటు పనిలో ఉంచడని, తన మేస్త్రిగిరితో పాటు ఆమె కూలి కూడా పోతుందని బతిమాలాడు.

"నాకైన చెప్పద్దా? రోజూ చెంచ ఎక్కువేసి నువ్వే తాపిస్తివి."

"చెప్తె నువ్ దాస్తవా చెల్లె? జర ఊకో. పో, కూసో."

అతను సైగ చేశాడు. హన్నా చక్కెర ఎక్కువ వేసి ఇంకో గ్లాసు తెచ్చింది. శోభారాణి దాన్ని అందుకుని, తాగకుండా మిర్చి బస్తా మీద పెట్టింది. అవతల ప్రీతి సంచి సర్దుకుంటోంది.

"సిస్టరమ్మా, జర ఆగు. మా అమ్మ షుగర్‌తోనే సచ్చిపోయింది. మా అన్నకున్నది. నాకు చూడు."

తొడిమలు తుంచే చప్పుడు గోదామంతటా ఆగిపోయింది. సారంగపాణి గోడవైపు తిరిగాడు.

ముందు చేతులు కడుక్కోమంది ప్రీతి. శోభారాణి ఎంత సబ్బు రుద్దినా వేళ్ల మంట పోలేదు. ఆ మండే వేలినే ముందుకు చాపింది. ఆమె వెనుక బస్తా మీద చాయ్ మీగడ కడుతోంది. తొడిమల కుప్ప దగ్గర ఇంకో ఆడమనిషి మోకాళ్లు పట్టుకుని మెల్లగా లేస్తోంది.